అంటురోగపు లెక్కలు – గ్రామస్థుల బాధ్యత

సహకార సంఘములో సభ్యుడైన ప్రతి రైతునకును ఒక సంగతి వేరుగ చెప్ప నక్కరలేదు. చిట్టాలో వ్రాయని పద్దు ఆవర్జాలోనికి రాదు. ఆవర్జాలో లేనిది సంవత్సరాంతపు ఆస్తి అప్పుల పట్టీలోనికి రాదు. తనిఖీకి వచ్చు ఆడిటరు ఎంతటి సమర్థుడైనను, మొదట వ్రాయనిదానిని తుదకు కనుగొనజాలడు. అంటురోగముల లెక్కయు ఇట్టిదే. ఢిల్లీలోను, జినీవాలోను ప్రకటింపబడు లక్షలు, కోట్లు ఏదో ఒక గ్రామమున, ఏదో ఒక ఇంటిలో మొదలగుచున్నవి. అచ్చట వ్రాయుట జరుగనిచో పైనున్న అంకె యెంత అందముగ అచ్చుపడినను అది సత్యము కానేరదు.

కోవిడ్ వ్యాధి విషయమున ప్రపంచ ఆరోగ్య సంస్థ విధించిన అత్యవసర స్థితిని 2023 మే 5వ తేదీన ఎత్తివేసినది. అంతటితో వ్యాధి నశించెనని కొందరు తలచిరి. కాని 2023 డిశంబరులో జె.ఎన్.1 అను పేరుగల క్రొత్త రూపమును, 2025 వేసవిలో ఎన్.బి.1.8.1 అను మరియొక రూపమును బయలువెడలినవి. 2025 జూను నెలలో మన దేశమున చికిత్సలోనున్న వారి సంఖ్య ఏడు వేలు దాటెను. అట్టి వార్త వెలువడిన ప్రతిసారియు గ్రామములలో రెండు తెగల వారు కనబడుదురు. అంకెను చూచి గుండె చెదరువారు ఒక తెగ. "ఇవన్నియు కాకిలెక్కలు" అని త్రోసివేయువారు రెండవ తెగ. ఈ యిరువురును అంకెను పరిశీలింపలేదు. పరిశీలించుట యెట్లో, ఆ అంకె సత్యమగుటకు మనము చేయవలసినది యేమో, ఈ వ్యాసమున విన్నవించుచున్నాను.

నిజము చెప్పినవారికి కలిగిన నష్టము

2021 నవంబరు మాసమున దక్షిణాఫ్రికా దేశములో జరిగిన సంగతి మనమందరము గుర్తుంచుకొనదగినది. ఆ దేశపు గౌటెంగ్ రాష్ట్రమున వ్యాధిగ్రస్తుల సంఖ్య హఠాత్తుగ పెరుగజొచ్చెను. కోవిడ్‌ను కనుగొనుటకు అచ్చట వాడుచుండిన ఒక విధమైన పరీక్షలో వైరసుకు గల మూడు గుర్తులను వెదకుదురు. రోగులలో అనేకుల నమూనాలయందు రెండు గుర్తులు కనబడి, మూడవది కనబడకపోవుటను ప్రయోగశాలలవారు గమనించిరి. ఇది పరీక్షలోని లోపమా, వైరసులోని మార్పా యని శంకించి, నమూనాల జన్యుక్రమమును చదివిరి. మార్పులు అసాధారణముగ హెచ్చుగానుండెను. వెంటనే నవంబరు 24వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలిపిరి. మరునాడు తూలియో డి ఒలివేయిరా మొదలగు శాస్త్రజ్ఞులు ఆ సంగతిని లోకమునకు వెల్లడించిరి. 26వ తేదీన దానికి ఒమిక్రాన్ అను నామకరణము జరిగెను.

ఇంత త్వరితముగ, ఇంత నిజాయితీగ పనిచేసిన దేశమునకు లభించిన బహుమానమేమి? కొన్ని దినములలోనే బ్రిటను, ఐరోపా దేశములు, అమెరికా మొదలగునవి దక్షిణాఫ్రికాకును దాని పొరుగు దేశములకును రాకపోకలను నిషేధించినవి. ఆ దేశపు వర్తకము, ప్రయాణికుల రాబడి దెబ్బతినెను. మంచి పని చేసినందులకు తమకు శిక్ష పడినదని ఆ దేశపు ప్రభుత్వము బహిరంగముగ వాపోయెను. అంతలో నెదర్లాండ్సు దేశపు వైద్యశాఖ తన పాత నమూనాలను తిరిగి పరీక్షింపగా, నవంబరు 19, 23 తేదీలలో తీసిన వానియందే ఒమిక్రాన్ కనబడెను. అనగా దక్షిణాఫ్రికా చెప్పుటకు పూర్వమే అది ఐరోపాలో నుండెను. ఉండియు లెక్కకు రాలేదు. లెక్కకు రాని దేశము క్షేమముగ నున్నట్లును, లెక్క చెప్పిన దేశము రోగమునకు పుట్టినిల్లైనట్లును లోకము భావించినది.

ఇది క్రొత్త అన్యాయము కాదు. 1918లో లోకమును చుట్టిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరమునకు "స్పానిష్ జ్వరము" అని పేరువచ్చెను. అప్పుడు యుద్ధములో మునిగియున్న దేశములు తమ పత్రికలలో రోగవార్తలు పడకుండ అణచివేయుచుండెను. స్పెయిను యుద్ధమున చేరలేదు. కావున అచ్చటి పత్రికలు ఉన్నదున్నట్లు వ్రాసినవి. వ్రాసిన పాపమునకు రోగము పేరే ఆ దేశమునకు అంటుకొనెను. దేశముల పేర్లు రోగములకు అంటగట్టు ఈ దురాచారమును మాన్పుటకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మే 31వ తేదీన కోవిడ్ రూపములకు గ్రీకు అక్షరముల పేర్లు పెట్టునట్లు నిర్ణయించినది. మన దేశమున మొదట కనబడిన రూపము "డెల్టా" అయినది ఆనాడే.

మన గ్రామములలో జరిగినది

దూరదేశముల మాట యెందుకని అడుగవచ్చును. 2020 మార్చిలో మన తెలుగు జిల్లాలలో అనేక గ్రామములవారు ఊరి పొలిమేరలలో ముండ్లకంపలు అడ్డముగ వేసి త్రోవలు మూసిరి. భయకాలమున అట్టి పని చేసినవారిని నిందించుట నా యుద్దేశము కాదు. కాని దాని ఫలితమేమయ్యెనో ఆలోచింపుడు. జ్వరము వచ్చిన ఇంటివారు చెప్పుకొనుటకు జంకిరి. చెప్పినచో పాలు పోయించుకొనువారు లేరు, కూలికి పిలుచువారు లేరు, బావి దగ్గర నిలువనిచ్చువారు లేరు. కావున "ఎండదెబ్బ" అనియు, "పైత్యము" అనియు చెప్పి లోపలనే పడియుండిరి. రోగి చికిత్సకు ఆలస్యమయ్యెను. ఇంటిలోని వృద్ధులకు అంటెను. ఊరి లెక్కలో మాత్రము ఆ యిల్లు ఆరోగ్యముగ నున్నట్లే కనబడెను.

పశువుల విషయమున ఈ సత్యము రైతులకు బాగుగ తెలిసినదే. గాలికుంటు తగిలిన యెద్దును సంతలో అమ్మివేయుటకై దాచిపెట్టిన రైతు తన నష్టమును పదిమందికి పంచినవాడగును. కాని అతడు దాచుటకు కారణము, చెప్పినచో నష్టమంతయు తన యొక్కని నెత్తిన పడుననియే. రోగమును చెప్పినవానికి నష్టము, దాచినవానికి లాభము ఉన్నంతకాలము లోకమున ఏ లెక్కయు సరిగానుండదు. ఈ యొక్క సూత్రము స్పెయినునకును, దక్షిణాఫ్రికాకును, మన పల్లెకును సమానముగ వర్తించును. చెప్పినవానికి కలుగు నష్టమును నలుగురును పంచుకొనుటయే దీనికి విరుగుడు. నష్టమును పంచుకొనుటకే గదా సహకార సంఘములు పుట్టినది!

అంకెను తూచుట యెట్లు

ఇక పత్రికలలో కనబడు అంకెను ఎట్లు తూచవలెనో చెప్పెదను. మొదటిది "నేడు ఇన్ని కేసులు" అను అంకె. దాని ప్రక్కన "ఇన్ని పరీక్షలు" అను అంకె లేనిచో దానికి విలువ లేదు. పది చెరువులలో వలవేసినవానికిని, ఒక మడుగులో వలవేసినవానికిని దొరకు చేపల సంఖ్య ఒకటి కాదు. 2020 డిశంబరు, 2021 జనవరి నెలలలో, అనగా టీకాలు ప్రారంభమగుటకు పూర్వము, భారత వైద్య పరిశోధనా మండలివారు దేశమందలి పలు జిల్లాలలో రక్తపరీక్షలు జరిపిరి. వయోజనులలో నూటికి 21 మందికి పైగా ఆ వ్యాధి అప్పటికే సోకిపోయిన గుర్తులు కనబడెను. అదే కాలమునకు పరీక్షలలో తేలి లెక్కకెక్కినవారు దేశమంతటను కోటికి కొంచెము మించి యుండిరి. అనగా జనాభాలో నూటికి ఒకరుకూడ కారు. పరీక్షలు చేసినవారు అబద్ధమాడలేదు. పరీక్షకు రానివారు లెక్కకు రాలేదు, అంతియే.

ఒమిక్రాన్ వ్యాపించిన 2022 జనవరిలో ఈ తేడా మరింత పెరిగెను. ఆ నెల మూడవ వారమున దినమునకు మూడున్నర లక్షలకు దగ్గరగ కేసులు నమోదైనవి. అప్పటికే అనేకులు మందుల దుకాణములలో పరీక్షాపెట్టెలు కొని ఇంటనే చూచుకొనుచుండిరి. ఆ ఫలితములలో అధికభాగము ఏ కార్యాలయమునకును చేరలేదు. రోగితో మెలగినవారికి ప్రమాదలక్షణములు లేనిచో పరీక్ష అక్కరలేదని వైద్య పరిశోధనా మండలియే ఆ నెల 10వ తేదీన సలహా యిచ్చినది. కావున 2021 మే నెలలో డెల్టా కాలమున దినమునకు నాలుగు లక్షలు దాటిన సంఖ్యను, 2022 జనవరి సంఖ్యను ప్రక్కప్రక్కన పెట్టి, రెండవది చిన్నదనుట సరికాదు. కొలకుంచము మారినప్పుడు కొలతలు పోల్చరాదు.

రెండవది "క్రొత్త రూపము నూటికి ఇంత" అను అంకె. ఇది యెల్లరను తికమకపెట్టునది. నమూనాలలో క్రొత్త రూపము నూటికి 10 నుండి 80కి పెరిగెనన్న, రోగులు ఎనిమిది రెట్లు పెరిగిరని అర్థము కాదు. ఒక తాలూకాలో పాత వరివంగడము తగ్గి క్రొత్త వంగడము హెచ్చినంత మాత్రమున వరి విస్తీర్ణము హెచ్చినట్లు కాదు గదా! మొత్తము రోగుల సంఖ్య తగ్గుచుండగనే క్రొత్త రూపపు వాటా పెరుగవచ్చును. వాటా వేరు, మొత్తము వేరు. అయితే వాటా త్వరత్వరగ పెరుగుట ఒక హెచ్చరిక. ఇతర రూపములకన్న ఇది వేగముగ అంటునని దానివలన తెలియును.

ఈ వాటాను లెక్కగట్టుటకు నమూనాలు ఎచ్చటివో కూడ చూడవలెను. పంటకోత ప్రయోగముల సంగతి రైతులెరుగుదురు. అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పుగల మడిని చీట్లవలె యాదృచ్ఛికముగ ఎన్నుకొని కోయుదురు. కాలువ క్రింది మేలైన చేలనే యెన్నుకొని కోసినచో దిగుబడి లెక్క అబద్ధమగును. అట్లే విమానాశ్రయములలో దిగిన ప్రయాణికుల నమూనాలను మాత్రమే చదివినచో దేశపు స్థితి తెలియదు. మన దేశమున ఈ పనికై 2020 డిశంబరులో కొన్ని ప్రయోగశాలలను ఒక కూటమిగ చేర్చిరి. హైదరాబాదునందలి కణ, అణుజీవశాస్త్ర కేంద్రము అందులో నొకటి. అట్టి ప్రయోగశాలలకు పల్లెల ఆసుపత్రుల నుండియు నమూనాలు చేరినప్పుడే వాటా సరియైనదగును.

మూడవది "ఇది తేలికపాటి రూపము" అను మాట. మరణము రోగము వెంటనే రాదు. రెండు మూడు వారములు వెనుకబడి వచ్చును. కావున కేసులు పెరుగుచున్న తొలి వారములలో మరణములు తక్కువగ కనబడుట సహజము. అంతకంటె ముఖ్యమైనది, రూపము ఒక్కటే యైనను ప్రజలు ఒక్కటి కారు. దక్షిణాఫ్రికాలో ఒమిక్రాన్ వలన మరణములు పూర్వపు తరంగములకన్న తక్కువగ నుండెను. అచ్చటి జనులలో యువకులు హెచ్చు. అప్పటికే వ్యాధి సోకి శక్తి సంపాదించినవారును హెచ్చు. అదే ఒమిక్రాన్ 2022 ఫిబ్రవరి, మార్చి నెలలలో హాంకాంగు నగరమున విజృంభించెను. అంతకు పూర్వము రెండేండ్లలో ఆ నగరమున కోవిడ్ మరణములు సుమారు 213 మాత్రమే. ఆ యొక్క తరంగములో తొమ్మిదివేలకు పైగా మరణించిరి. చనిపోయినవారిలో అత్యధికులు టీకాలు పూర్తిగ వేయించుకొనని వృద్ధులు. "తేలికపాటి" అను మాటను నమ్ముటకు ముందు, ఎవరియందు తేలిక యని అడుగవలెను.

చావులెక్కయే గట్టిలెక్క

కేసుల సంఖ్య పరీక్షలపై నాధారపడును. వాటా నమూనాలపై నాధారపడును. ఇన్ని చిక్కులలోను నిలకడగ నిలుచు లెక్క ఒక్కటి కలదు. అది అన్ని కారణములవలనను కలిగిన మొత్తము మరణముల లెక్క. కారణము పేరు మార్చి వ్రాయవచ్చును గాని, మనిషి ఉన్నాడా లేడా యనుటలో సందేహము లేదు. ఏటేట ఒక నెలలో కలుగు మరణములకన్న ఈ యేడు అదే నెలలో ఎన్ని హెచ్చు కలిగినవో చూచినచో మహమ్మారి యొక్క నిజమైన బరువు తెలియును. కాని ఆ మరణములు వ్రాయబడి యుండవలెను.

1918లో ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవున ప్రవేశించి, శరదృతువు నాటికి పల్లెలను ముంచెను. ఆ కాలమున గ్రామోద్యోగులు పుట్టుక చావుల పట్టీలు వ్రాయుచుండిరి. పెక్కు చావులను ఒక్క "జ్వరము" అను మాటక్రింద వ్రాసిరి. వ్రాయవలసినవారే మంచమెక్కిన తావులును కలవు. కావున ఎందరు మరణించిరో నేటికిని నిశ్చయముగ చెప్పజాలరు. కోటికి పైబడిరని మాత్రము అంచనాలన్నియు అంగీకరించుచున్నవి. 1921 జనాభా లెక్కలలో దేశ జనసంఖ్య 1911 నాటికన్న తగ్గియుండుట చూచిన పిమ్మటనే ఆ విపత్తు యొక్క పరిమాణము ప్రజలకు తెలిసినది. తరువాతి పదేండ్ల లెక్కలలో అట్టి తగ్గుదల మరల ఎన్నడును కలుగలేదు.

నూరేండ్ల పిమ్మట మన స్థితి యెట్లున్నది? దేశమందు నమోదైన మొత్తము మరణములు 2019లో సుమారు 76 లక్షలు, 2020లో 81 లక్షలు, 2021లో 102 లక్షలు. 2020 కన్న 2021లో సుమారు 21 లక్షలు హెచ్చు. కోవిడ్ వలన మరణించిరని ప్రభుత్వము 2021 సంవత్సరమునకు ప్రకటించిన సంఖ్య సుమారు 3 లక్షల 30 వేలు. ఈ రెంటి నడుమనున్న తేడా అంతయు కోవిడ్ మరణములే యనుట తొందరపాటు. నమోదు చేయించువారు హెచ్చుటయు, జనాభా పెరుగుటయు, ఆసుపత్రులు కిక్కిరిసి ఇతర రోగులకు చికిత్స అందకపోవుటయు అందులో చేరియున్నవి. కాని తేడా అంతయు వీనివలననే యనుటయు నమ్మదగినది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే నెలలో ప్రకటించిన అంచనా ప్రకారము 2020, 2021 సంవత్సరములలో మన దేశమున కలిగిన అధిక మరణములు సుమారు 47 లక్షలు. ఆ గణన విధానము సరికాదని మన ప్రభుత్వము ఆక్షేపించినది. ఇట్టి వివాదము పుట్టుటకు మూలమేమి? 2020లో నమోదైన మరణములలో వైద్యుడు కారణము ధ్రువపరచినవి నూటికి 22 లేక 23 మాత్రమే. తక్కిన వారి చావునకు కారణము వైద్యుని వ్రాతలో లేదు. పద్దు లేని చోట వాదము పెరుగును.

పరిహారపు సొమ్ము పంచునప్పుడు ఈ సంగతి మరల బయటపడినది. సుప్రీముకోర్టు ఆజ్ఞననుసరించి కోవిడ్ మృతుల కుటుంబములకు 50 వేల రూపాయల చొప్పున ఇచ్చుటకు 2021లో ఏర్పాటయ్యెను. గుజరాతు రాష్ట్రమున ప్రకటిత మరణములు సుమారు పదివేలు కాగా, 2022 జనవరి నాటికే అంగీకరింపబడిన దరఖాస్తులు అరువదివేలు దాటెను. మన తెలంగాణములో ప్రకటిత మరణములు సుమారు నాలుగువేలు మాత్రమే. దరఖాస్తులు దానికి ఎన్నో రెట్లుండెను. పరీక్షలో తేలిన ముప్పదిదినములలో సంభవించిన మరణమును పరిహారమునకు లెక్కలోనికి తీసికొనిరి గనుక ఆ కొలత కొంత విశాలమైనదే. అయినను తేడా ఇంతగ నుండుటకు అదియొకటియే కారణము కాజాలదు.

ఆక్షేపణలకు సమాధానము

"చచ్చినవారు చచ్చిరి, వ్రాసినందువలన తిరిగివత్తురా?" అని పెద్దలు కొందరు అందురు. తిరిగి రారు. కాని వారి వెనుక నున్నవారి మాట యేమి? మరణ ధ్రువపత్రము లేనిదే వారసులకు పట్టా మారదు. బ్యాంకిలోని సొమ్ము రాదు. సంఘములోని వాటాధనము నామినీకి చేరదు. 2018లో తెలంగాణమున మొదలైన రైతుబీమా పథకము క్రింద చనిపోయిన రైతు కుటుంబమునకు 5 లక్షల రూపాయలు ఏర్పరచిరి. అదియు మరణ ధ్రువపత్రము చూపిననే. వ్రాయించని చావు వలన మొదట నష్టపోవునది ఆ యింటి వితంతువే. పిమ్మట నష్టపోవునది ఊరు; ఏలయన ప్రాణవాయువు, మందులు, టీకాలు అంకెలను చూచియే పంచుదురు. చావులు లేవని కాగితము చెప్పుచుండగా మా ఊరికి సహాయము రాలేదని మొరపెట్టిన వినువారెవరు?

"లెక్కలు ప్రకటించినచో జనులు భయపడుదురు" అను ఆక్షేపణ మరియొకటి. భయము అంకెవలన కంటె, అంకె లేకపోవుటవలన హెచ్చగును. అంకె లేని చోట వదంతి అంకె వేసికొని కూర్చుండును. పది చావులు జరిగినవని నిజముగ తెలిసిన ఊరిలో, నూరు జరిగినవను వదంతి నిలువదు.

"ఇది సర్కారు పని, సంఘమునకేమి సంబంధము?" అను ఆక్షేపణకు కొంత వివరముగ జవాబు చెప్పవలెను. మన దేశమున వేయిమందికి ఏటేట ఆరు ఏడు మరణములు సంభవించుట సగటు. రెండువేల జనాభాగల గ్రామమున నెలకు ఇంచుమించు ఒక మరణము. ఒక నెలలో మూడు జరిగినను, అది యాదృచ్ఛికమో, అంటురోగమో చెప్పుటకు వీలులేదు. ఒక గ్రామపు అంకె మూగది. కాని అట్టి గ్రామములు ఇరువది కలిసినచో నలుబదివేల జనాభా. నెలకు ఇరువది, ఇరువదిరెండు మరణములు సాధారణము. ఆ నెలలో నలుబదియైదు సంభవించినచో అది కేక వేసి చెప్పుచున్నట్లే. ఒక్కొక్క రైతు వాటాధనము చిన్నదైనను పదిమందివి చేరి బ్యాంకి యగునట్లు, ఒక్కొక్క గ్రామపు అంకె చిన్నదైనను కలిసినప్పుడు మాటలాడును. లెక్కయు సహకారమువలననే బలపడునది. ఈ పని మనకు సంబంధింపదనుట యెట్లు?

మన సంఘములు చేయదగిన పనులు

1969 నాటి జనన మరణముల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము, ఇంటిలో సంభవించిన మరణమును తెలియజేయుట ఇంటియజమాని విధి. 21 దినములలోపల తెలిపినచో రుసుము లేదు. 30 దినములలోపల స్వల్ప రుసుముతో జరుగును. ఆ పైని సంవత్సరములోపల అధికారి అనుమతియు, స్వయముగ ధ్రువపరచిన పత్రమును కావలెను. సంవత్సరము దాటినచో, 2023 సవరణ పిమ్మట, జిల్లా మేజిస్ట్రేటు లేక సబు డివిజను మేజిస్ట్రేటు ఉత్తరువు కావలసియుండును. 1984లో కరణీకము రద్దయిన పిమ్మట కరణము వచ్చి అడిగి వ్రాసికొనునను పాత ధైర్యము మనకు లేదు. పంచాయతీ కార్యదర్శి వద్దకు మనమే పోవలెను. ఆసుపత్రిలో చనిపోయినవారి సంగతి ఆసుపత్రివారు తెలుపుదురు. ఇంటిలో చనిపోయినవారి సంగతి తెలుపువారు మనకన్న వేరెవరు లేరు. దుఃఖములోనున్న ఇంటివారికి ఇరువదియొక్క దినములు క్షణములవలె గడచును. కావున సంఘము తోడునిలువవలెను.

నా సూచనలు నాలుగు. మొదటిది, సభ్యుని యింట మరణము సంభవించినప్పుడు పాలకవర్గములో నొకరు పదవదినము లోపల ఆ యింటికి పోయి, నమోదు పని తామే నడపించి, ధ్రువపత్రము ఇంటివారి చేతికి ఇప్పించవలెను. రెండవది, ప్రతి నెల సమావేశమున బాకీల పట్టీతోపాటు ఆ నెలలో ఊరిలో సంభవించిన మరణముల సంఖ్యను, గత రెండు సంవత్సరముల అదే నెల సంఖ్యను చదివి, నోటీసు బల్లపై వ్రాయవలెను. పేర్లు అక్కరలేదు, సంఖ్య చాలును. పొరుగు సంఘములతో ఆ సంఖ్యలు కలిపి చూచుకొని, అసాధారణముగ హెచ్చినచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తెలుపవలెను. మూడవది, జ్వరము వచ్చిన ఇంటిని ఆశా కార్యకర్తకు నిర్భయముగ తెలుపుకొనునట్లు చేయవలెను. అట్టి యింటి వ్యవసాయపు పనులను, పాలను, సరకులను సంఘ సభ్యులు వంతులవారీగ చూతుమని ముందుగనే తీర్మానించుకొనవలెను. ఆ తీర్మానము లేనిదే నిజము చెప్పుమని బోధించుట వట్టి మాట. నాలుగవది, మరణ కారణము వ్రాయు చోట వైద్యుని చేత వ్రాయించుటకు పట్టుబట్టవలెను. "జ్వరము" అను ఒక్క మాటతో తృప్తిపడరాదు.

ఈ నాలుగింటిలో మూడవదియే ముఖ్యమని నా అభిప్రాయము. పరికరములు, ప్రయోగశాలలు, శాస్త్రజ్ఞులు ప్రభుత్వమువలన కలుగవచ్చును. కాని రోగమును చెప్పుకొన్నవానిని ఊరు వెలివేయదను నమ్మకము ఏ ప్రభుత్వమును పంపజాలదు. అది ఊరే కలిగించుకొనవలెను. ఆ నమ్మకము లేనందువలననే 1918లో దేశములు దాచినవి, 2020లో ఇండ్లు దాచినవి. మరల ఒక క్రొత్త రూపము వచ్చునో రాదో, వచ్చినచో తీవ్రమైనదో కాదో నేడు ఎవరును చెప్పజాలరు. వచ్చినప్పుడు మన గ్రామపు చిట్టాలో మొదటి పద్దు సరిగా పడియుండుట మాత్రము మన చేతిలోని పని. వచ్చు నెల సమావేశమునకే దీనిని చర్చనీయాంశముగ చేర్చవలెనని సంఘ కార్యదర్శులను, పాలకవర్గములవారిని ప్రార్థించుచున్నాను.